చలికి బడి మూస్తే ఉద్యోగం సంగతేంటి? మిడ్‌వెస్ట్ తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో, మినెసోటా రాష్ట్రపు మినియాపొలిస్ శివార్లలో మాకిది తొమ్మిదో చలికాలం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా ఆవిడ ఆసుపత్రిలో నర్సు, పాప రెండో తరగతి. టెక్సస్ నుంచో, కాలిఫోర్నియా నుంచో, నేరుగా హైదరాబాద్ నుంచో కొత్తగా వచ్చినవాళ్లు జనవరి రాగానే ఇవే ప్రశ్నలు అడుగుతుంటారు. ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. ఎక్కువగా మినెసోటా, ఇల్లినాయ్ సంగతులే. చట్టాల దగ్గర మాత్రం మీ హెచ్‌ఆర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

మంచు పడితే మూశారంటే అర్థముంది. ఫెళ్లున ఎండ కాస్తుంటే స్కూలు మూయడమేంటి?

ఇక్కడ అసలు చలి ఎండ కాసే రోజునే. మబ్బు పట్టిన రాత్రి నేల వేడి కొంతైనా నిలుస్తుంది. మబ్బు విచ్చుకుని, ధ్రువం వైపు నుంచి గాలి దిగిందంటే ఇక ఆపేది లేదు. 2019 జనవరి 30న మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 33 సెల్సియస్. అదే రోజు షికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్. షికాగో ప్రభుత్వ స్కూళ్లు ఆ రోజూ, మర్నాడూ మూసేశారు. తపాలా శాఖ కూడా కొన్ని రాష్ట్రాల్లో ఉత్తరాల బట్వాడా ఆపేసింది.

పైన చెప్పినవి గాలిని లెక్కలోకి తీసుకోని అంకెలు. గాలి తోడైతే ఒంటికి తగిలే చలిని విండ్ చిల్ అంటారు. అది మైనస్ 35 ఫారెన్‌హీట్‌కు దిగితే కప్పుకోని చర్మం పది నిమిషాల్లో గడ్డకట్టొచ్చు. బస్సు పావుగంట ఆలస్యమైతే స్టాప్‌లో నిలబడ్డ ఆరేళ్ల పిల్ల చెవుల సంగతి ఆలోచించండి.

బస్సుల బాధ ఇంకోటి. డీజిల్‌లో మైనం లాంటి పదార్థం ఉంటుంది. చలికి అది పేరుకుని ఫిల్టర్‌కు అడ్డం పడుతుంది. చలికాలపు డీజిల్ వేరే కలుపుతారు, రాత్రంతా ఇంజిన్లకు హీటర్లు పెట్టి ఉంచుతారు, అయినా కొన్ని బస్సులు పొద్దున్నే మొరాయిస్తాయి. ఆపైన, మన పిల్లలకు మంచి కోటు, బూట్లు ఉన్నాయి కదా అని క్లాసులో అందరికీ ఉన్నాయనుకోకూడదు. అందుకే స్కూలు మూయడం తప్పని నేను ఎప్పుడూ అనను. మూసినందుకయ్యే ఖర్చు ఎవరి జేబులోంచి పోతోందన్నదే నా గొడవ.

ఎవరు నిర్ణయిస్తారు? మనకు ఎప్పుడు తెలుస్తుంది?

స్కూల్ డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్. వాయుగుండం వచ్చినప్పుడు మన దగ్గర కలెక్టర్ సెలవు ప్రకటించడం లాంటిదే. కాకపోతే ఇక్కడి డిస్ట్రిక్ట్ చిన్నది. రోడ్డుకు ఇవతల సెలవు, అవతల స్కూలు ఉండొచ్చు. మీ ఆఫీసులో పక్క సీటాయన పిల్లలు స్కూలుకెళ్లారు కాబట్టి మీ మేనేజర్‌కు మీ మాట సాకులా వినిపించొచ్చు. డిస్ట్రిక్ట్ పంపిన మెసేజ్ ఫార్వర్డ్ చేసేయండి, గొడవ ఉండదు.

రాష్ట్రమంతటికీ కలిపి మూయడం అరుదు. 2014 జనవరి 6న మినెసోటా గవర్నర్ మార్క్ డేటన్ ప్రభుత్వ స్కూళ్లన్నీ మూయించారు. అంతకుముందు అలా జరిగి 17 ఏళ్లు.

మంచు సెలవైతే తెల్లవారుజామున ఐదున్నరకు ఫోన్ మోగుతుంది. చలి సెలవు అంత కాదు. చలి వస్తోందని రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది కాబట్టి చాలాసార్లు ముందు రోజు సాయంత్రమే చెప్పేస్తారు. వాతావరణ శాఖ 'ఎక్స్‌ట్రీమ్ కోల్డ్ వార్నింగ్' ఇచ్చిందంటే (2024 అక్టోబర్ దాకా దీన్నే 'విండ్ చిల్ వార్నింగ్' అనేవారు) ప్రకటన కోసం చూడకుండా ఆ పూటే మీ ఏర్పాట్లు మొదలుపెట్టండి.

డిస్ట్రిక్ట్ దగ్గర మీ పాత ఫోన్ నంబర్ ఉందేమో చూసుకోండి. ఇల్లు మారినవాళ్లందరూ మర్చిపోయేది ఇదే.

స్కూలు లేకపోయినా బిఫోర్ కేర్, ఆఫ్టర్ కేర్ (బడికి ముందూ తర్వాతా పిల్లల్ని చూసుకునే ఏర్పాటు) ఉంటాయి కదా? వాటికి విడిగా డబ్బు కడుతున్నాం.

నేనూ అలాగే అనుకున్నాను. పాప కిండర్‌గార్టెన్‌లో ఉన్న ఏడు, స్కూలు లేదని రాత్రే తెలిసింది. మా ఆవిడ ఏడింటి షిఫ్ట్ కోసం ఆరుంపావుకే వెళ్లిపోయింది. కేర్ వాళ్లు ఉంటారులే అనుకుని ఆరూ నలభైకి పాపను తీసుకెళ్లాను. కారు తెర మీద మైనస్ 24. తలుపు తాళం వేసి ఉంది, అద్దానికి లోపలి వైపు చిన్న కాగితం. అది చదివి, మళ్లీ కారు దాకా రావడానికి రెండు నిమిషాలు పట్టిందేమో. అంతలోనే పాప కనురెప్పల వెంట్రుకలు తెల్లబడ్డాయి. 'నాన్నా, కళ్లు అతుక్కుంటున్నాయి' అంది. ఆ రోజు నా తొమ్మిదింటి కాల్ కారులోంచే, మా గ్యారేజీలో కూర్చుని, హీటర్ మోత మధ్య మొదలైంది. గ్యారేజీ తలుపు తెరిచే ఉంచాను, అయినా అది తప్పే. తలుపు మూసినా, తెరిచినా గ్యారేజీలో ఇంజిన్ నడపకండి, పొగ ప్రాణం తీస్తుంది.

స్కూలు భవనంలోనే నడిచే కేర్ చాలాచోట్ల స్కూలుతో పాటే మూతపడుతుంది. కొన్నిచోట్ల ఆలస్యంగా తెరుస్తారు, కొన్నిచోట్ల ముందే పేరు రాయించుకున్నవాళ్లకే ఉంటుంది. కట్టిన డబ్బు చాలావరకు వెనక్కి రాదు. సెప్టెంబర్‌లో సంతకం పెట్టిన కాగితం చివరి పేజీలో ఈ సంగతి ఉంటుంది. ఎవరం చదవం.

ఈ సెలవులు అందరికీ ఒకేలా ఇబ్బంది కదా?

కాదు. మా ఇంట్లోనే చూడండి. నేను ల్యాప్‌టాప్ తెరిచి సగం పని, సగం పాప అని నెట్టుకొస్తాను. ఆ రోజు పని సరిగా సాగదు, అయినా జీతం పడుతుంది. మా ఆవిడ వార్డుకు వెళ్లకపోతే ఆమె రోగులను ఇంకో నర్సు మీద వేస్తారు. చలి సెలవు రోజునే ఆసుపత్రికి జారిపడ్డవాళ్లు, వేళ్లు గడ్డకట్టినవాళ్లు ఎక్కువ వస్తారు.

ఇక గంటల లెక్కన జీతం తీసుకునేవాళ్లు. ఇండియన్ గ్రాసరీలో బిల్లింగ్ చేసే ఆవిడ, మోటెల్‌లో పనిచేసే కుర్రాడు, గోదాములో షిఫ్ట్ చేసే తండ్రి. వాళ్లకు రోజు పోతే రోజు జీతం పోతుంది. వరసగా మూడు రోజులు మూశారంటే ఆ నెల అద్దె కష్టం. 'పిల్లలతో హాయిగా ఇంట్లో గడపండి' అని డిస్ట్రిక్ట్ మెయిల్ చివర రాసే వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ బిల్లింగ్ ఆవిడే గుర్తొస్తుంది.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో ఇంకో సంగతి. ఎవరు ఆగాలన్న ప్రశ్నకు చాలాసార్లు జవాబు ముందే రాసిపెట్టి ఉంటుంది: అమ్మ. మా ఇంట్లోనూ రెండేళ్లు అలాగే నడిచింది. 'నాకు రిలీజ్ ఉంది' అంటే అదేదో రాకెట్ ప్రయోగం అన్నట్టు మాట్లాడేవాణ్ని. ఒకరోజు ఆవిడ గత చలికాలంలో ఎవరు ఎన్ని రోజులు ఆగారో క్యాలెండర్‌లో చూపించింది. ఆవిడ ఐదు, నేను ఒకటి. ఆ ఒకటీ శని, ఆదివారాలతో కలిసొచ్చిన శుక్రవారం. అప్పట్నుంచి వంతులే.

స్కూలు మూస్తే ఉద్యోగానికి సెలవు పెట్టే హక్కు ఉందా?

దేశమంతటికీ వర్తించే చట్టంలో లేదు. ఎఫ్‌ఎంఎల్‌ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) ఉంది కదా అంటారు. అది కాన్పుకు, తీవ్రమైన అనారోగ్యానికి 12 వారాల దాకా జీతం లేని సెలవు ఇస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పిల్లకు స్కూలు లేకపోవడం దాని కిందికి రాదు. మిగతాది మీరున్న రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది.

మినెసోటాలో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2024 జనవరి 1 నుంచి 'ఎర్న్‌డ్ సిక్ అండ్ సేఫ్ టైమ్' చట్టం అమల్లో ఉంది. ప్రతి 30 గంటల పనికి ఒక గంట జీతంతో కూడిన సెలవు, ఏడాదికి 48 గంటల దాకా జమవుతుంది. పార్ట్ టైమ్ వాళ్లకూ వర్తిస్తుంది. దాన్ని ఏ కారణాలకు వాడుకోవచ్చో చెప్పే జాబితాలో, వాతావరణం వల్ల మీ పిల్లల స్కూలు మూతపడటం కూడా ఉంది. పేరులో 'సిక్' అని ఉందని, జ్వరం వస్తేనే వాడాలనుకుని వదిలేసేవాళ్లు చాలామంది.

ఇల్లినాయ్‌లోనూ 2024 జనవరి 1 నుంచే ఒక చట్టం ఉంది. ప్రతి 40 గంటలకు ఒక గంట, ఏడాదికి 40 గంటల దాకా. ఏ కారణానికైనా వాడుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. కొత్తగా చేరినవాళ్లు 90 రోజులు ఆగాలి. షికాగో నగరానికి విడిగా తన నిబంధనలున్నాయి.

నెల జీతం మీద ఉండి, ఓవర్‌టైమ్ వర్తించని ఉద్యోగులకు ఇంకో చిన్న సంగతి. ఆఫీసు తెరిచి ఉన్నా మీరు రోజంతా ఏ పనీ చేయకపోతే ఆ రోజు జీతం కోయొచ్చు. ఇంటి నుంచి రెండు గంటలు పనిచేసినా ఆ రోజు జీతం కోయకూడదు. మీ ఖాతాలోని సెలవు గంటలు తగ్గించుకోవచ్చు, అంతే.

నేను కన్సల్టెన్సీ ద్వారా క్లయింట్ దగ్గర పనిచేస్తున్నాను. టైమ్‌షీట్‌లో ఆ రోజు ఏం వేయాలి?

పనిచేసిన గంటలే వేయండి. పిల్లను చూసుకుంటూ ఎనిమిది గంటలు వేసి, తర్వాత టెన్షన్ పడటం ఎందుకు?

హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఒక మాట. పని లేదని కంపెనీ మీకు జీతం ఆపకూడదు, కానీ మీరే సొంత కారణంతో అడిగి తీసుకున్న జీతం లేని సెలవుకు ఆ నియమం అడ్డు కాదు. అడిగింది మీరే అన్న సంగతి మెయిల్‌లో ఉండాలి. 'పిల్లల స్కూలు మూసినందున ఫలానా తేదీన సెలవు కోరుతున్నాను' అని రెండు లైన్లు రాస్తే చాలు. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి.

పిల్లను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి వెళ్లొచ్చా?

చాలా రాష్ట్రాల్లో చట్టం ఇన్నేళ్లు అని చెప్పదు. చెప్పేవాటిలో మేరీలాండ్ ఒకటి: ఎనిమిదేళ్ల లోపు పిల్లల దగ్గర కనీసం 13 ఏళ్లున్న నమ్మకస్తులు ఉండాలి. వయసు రాయకపోయినా, ఏదైనా జరిగితే నిర్లక్ష్యం కింద కేసు పెట్టే వీలు ప్రతిచోటా ఉంది.

వయసు అలా ఉంచి, ఆ రోజు చలి సంగతి చూడండి. ఫర్నేస్ ఆగిపోవచ్చు, పైపు పగలొచ్చు. కుక్కపిల్ల కోసమో, పార్శిల్ కోసమో తలుపు తీసి బయటికెళ్లి, వెనక తాళం పడిపోతే కోటు లేని పిల్లకు నిమిషాలే మిగులుతాయి. పన్నెండేళ్ల పిల్లాడు మామూలు రోజున రెండు గంటలు ఉండగలడేమో. మైనస్ 30 రోజున నేనైతే వదలను.

పక్క వీధిలో తెలుగావిడ ఇంట్లోనే ఉంటారు. డబ్బిచ్చి చూడమని అడగొచ్చా?

ఆవిడ హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి, పని అనుమతి (ఈఏడీ) లేకపోతే డబ్బివ్వకండి. మీకు ఇరవై, ముప్పై డాలర్లే అనిపించినా లెక్కకు అది అనుమతి లేని పని, ఇరుక్కునేది ఆవిడ. మనవాళ్లలో ఇది మరీ మామూలైపోయింది కాబట్టి చెబుతున్నాను.

మా కాలనీలో నాలుగు కుటుంబాలు కలిసి రోజుల చేబదులు పెట్టుకున్నాం. మొదటి సెలవు రోజు మా ఇంట్లో ఐదుగురు పిల్లలు, రెండోది ఎదురింట్లో. డబ్బు ప్రస్తావన లేదు. ఎవరి పిల్ల ఏం తింటుంది, ఎవరికి వేరుశనగ పడదు అని ఫ్రిజ్ మీద కాగితం ఉంటుంది. ఐదుగురు పిల్లలున్న ఇంట్లో ఆఫీసు పని జరగదు, ఆ రోజుకు సెలవు పెట్టేయడమే. కానీ మిగతా మూడు రోజులు నిశ్చింత.

పని అనుమతి ఉన్న బేబీసిట్టర్‌ను పెట్టుకుంటే డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ కోసం పన్ను పడకుండా జీతంలోంచి పక్కన పెట్టే ఖాతా) డబ్బు వాడుకోవచ్చు. 13 ఏళ్ల లోపు పిల్లలకు, తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాల్లో ఉంటే. కుటుంబానికి ఏడాదికి 5,000 డాలర్లుగా ఉన్న పరిమితి 2026 నుంచి 7,500 అయింది. చూసుకున్నవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు. కొన్ని కంపెనీలు 'బ్యాకప్ కేర్' అని, అనుకోకుండా అవసరం పడినప్పుడు పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఏడాదికి కొన్ని రోజులు ఇస్తాయి. పేరు ముందే నమోదు చేసుకోకపోతే సెలవు రోజు పొద్దున దొరకదు.

ఈ-లెర్నింగ్ డే (ఇంటి నుంచే ఆన్‌లైన్ పాఠాలు) అన్నారు. అంటే సెలవు కాదా?

స్కూలుకు కాదు, మీకు సెలవే. మినెసోటాలో డిస్ట్రిక్ట్ ఏడాదికి ఐదు రోజుల దాకా ఇలా నడుపుకోవచ్చు, అవి చదువు రోజుల లెక్కలోకి వస్తాయి. ఏడో తరగతి పిల్లాడు తనే లాగిన్ అయి చూసుకుంటాడు. రెండో తరగతి పాపకు మాత్రం పక్కన మనిషి ఉండాలి. పాస్‌వర్డ్ మర్చిపోతుంది, మైక్ ఆన్ చేసి 'నాన్నా, ఆకలి' అంటుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, రెండు కాల్స్, ఒకటే వైఫై. అదంతా చూశాక, మామూలు సెలవిచ్చి జూన్‌లో ఒక రోజు పొడిగిస్తే బాగుండేదనిపిస్తుంది.

రెండు గంటలు ఆలస్యంగా తెరుస్తారట. అది నయం కదా?

నా దృష్టిలో అదే ఎక్కువ చికాకు. మొత్తం మూస్తే సెలవు పెట్టేస్తాం. రెండు గంటల ఆలస్యం అంటే తొమ్మిదింటి బస్సు పదకొండింటికి. ఏడింటి షిఫ్ట్ వాళ్లకు అది సగం రోజు పోయినట్టే, సెలవు పెట్టబుద్ధీ కాదు. పైగా పదింటికి 'పూర్తిగా మూసేస్తున్నాం' అని ఇంకో మెసేజ్ రావచ్చు.

స్కూలు తెరిచే ఉంది. నాకే పంపడానికి భయంగా ఉంది. మానిపిస్తే?

చాలా డిస్ట్రిక్ట్‌లు ఇలాంటి రోజున తల్లిదండ్రుల నిర్ణయానికి వదిలేస్తాయి. అటెండెన్స్ లైన్‌కు ఫోన్ చేసి చెప్పండి.

ఇన్ని సెలవులైతే చదువు వెనకబడదా?

హార్వర్డ్‌లో ఉన్నప్పుడు ఆర్థికవేత్త జాషువా గుడ్‌మన్ మసాచుసెట్స్ స్కూళ్ల మీద చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. స్కూలు మొత్తం మూసిన మంచు రోజుల వల్ల పరీక్ష మార్కులు తగ్గినట్టు కనిపించలేదు. పిల్లలు విడివిడిగా మానేసిన రోజుల వల్ల తగ్గాయి. అందరూ ఒకేసారి ఆగితే టీచర్ మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడుతుంది. మీ పిల్లాడొక్కడే మానేస్తే పాఠం ముందుకెళ్లిపోతుంది. కాబట్టి చలి సెలవు రోజున కూర్చోబెట్టి ఎక్కాలు బట్టీ పట్టించక్కర్లేదు.

స్కూలు భోజనం మీదే ఆధారపడేవాళ్ల సంగతి?

మినెసోటాలో 2023–24 నుంచి పిల్లలందరికీ స్కూల్లో టిఫిన్, మధ్యాహ్న భోజనం ఉచితం. మూసిన రోజు ఆ రెండు పూటలూ ఇంటి మీదే పడతాయి. ముగ్గురు పిల్లలుంటే రోజుకు ఆరు పూటల తిండి, అదీ జీతం పోయిన రోజున. మనవాళ్లలో అలాంటివాళ్లు ఉండరనుకోవద్దు. లేఆఫ్ అయి, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా ఇచ్చే 60 రోజుల గడువులో ఉన్న కుటుంబాలు నాకు తెలుసు. చలి ముదరక ముందే ఒకసారి ఫోన్ చేసి, 'మేం సరుకులకు వెళ్తున్నాం, మీకేమైనా తేవాలా' అని అడిగితే వాళ్లకూ చెప్పడం తేలిక.

అమ్మానాన్నలను ఇండియా నుంచి రప్పిస్తే ఈ బాధ ఉండదు కదా?

విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. మనవాళ్లు మే నెలలో వచ్చి, అక్టోబర్‌లో చలి మొదలవగానే 'ఇక మావల్ల కాదు' అని వెళ్లిపోతారు. జనవరిలో ఉండమనడం వాళ్లకు శిక్షే. మా అత్తయ్యగారు ఒకసారి ఉన్నారు. పొద్దున్నే ముగ్గు వేద్దామని హవాయి చెప్పులతో గ్యారేజీ తలుపు తీశారు. సంక్రాంతి అది. ఆ ముగ్గుపిండి డబ్బా ఇప్పటికీ అక్కడే ఉంది.

ఉన్నారంటే మాత్రం థర్మోస్టాట్ ఎలా పెంచాలో, 911కు ఫోన్ చేసి ఇంటి అడ్రసు ఎలా చెప్పాలో నేర్పించి వెళ్లండి.

ఇండియాలో ఈ సమస్య ఉందా?

తెలుగు రాష్ట్రాల్లో మనకు తెలిసింది ఎండలకు ఒంటిపూట బడులు. ఢిల్లీ వైపు ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లను అడిగితే చలి సెలవుల సంగతి చెబుతారు. 2024 జనవరిలో ఢిల్లీలో నర్సరీ నుంచి ఐదో తరగతి దాకా సెలవులు 12వ తేదీ వరకు పొడిగించారు. అక్కడి చలి ఇక్కడి అంకెల ముందు చిన్నదే. కానీ హీటర్ లేని తరగతి గది, పొగమంచులో తెల్లవారుజాము ఆటో ప్రయాణం లెక్కేసుకుంటే చిన్నది కాదు.

మా పాప రాత్రి పైజామా తిరగేసి వేసుకుని, దిండు కింద చెంచా పెట్టుకుని పడుకుంటోంది. ఏమిటిది?

అలా చేస్తే మర్నాడు స్కూలు మూస్తారని ఇక్కడి పిల్లల నమ్మకం. క్లాసులో నేర్చుకొస్తారు. మా పాప కూడా అంతే. మర్నాడు పొద్దున షిఫ్ట్ ఉంటే, పాప నిద్రపోయాక మా ఆవిడ మెల్లగా దిండు కింద చెయ్యి పెట్టి చెంచా తీసి సింక్‌లో వేస్తుంది.